వెనక హుక్కుల జాకెట్టు

నలభై ఐదు దాటి ఒంటరిగా ఉండే ఆడమనిషికి వీపు ఒక సమస్య. ఈ సంగతి ముందుగా ఎవరూ చెప్పరు. జుట్టుకి రంగు వేసుకునేటప్పుడు ముందు వైపు నేనే చక్కగా వేసుకుంటాను. వెనక వైపు అద్దంలో కనపడదు, చెయ్యి సరిగ్గా పోదు. అమ్మ ఉన్నన్నాళ్ళూ అటు వైపు అమ్మ వేసేది. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. అప్పటి నుంచి ఎదురుగా వచ్చేవాళ్ళకి నేను నల్లజుట్టు మనిషిని, వెనక వరసలో నిలబడేవాళ్ళకి నెరిసిన జుట్టు మనిషిని. నడుం పట్టేసినప్పుడు మందు రాసుకోవడం కూడా అంతే. చెయ్యి అందినంత మేరకే రాసుకుంటాను, మిగతాది దానంతటదే తగ్గాలి.

తెనాలిలో ఒక మేడ మీద రెండు గదుల్లో అద్దెకుంటాను. రేపల్లెలో ఒక ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. పొద్దున రైల్లో వెళ్ళి సాయంత్రం రైల్లో వస్తాను. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళకి మొదట్లో జవాబు చెప్పేదాన్ని, తర్వాత నవ్వేదాన్ని, ఇప్పుడు వాళ్ళ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయని అడుగుతున్నాను. ఇదే బాగా పనిచేస్తోంది.

పోయిన ఏడాది మా డిగ్రీ బ్యాచి వాళ్ళు వాట్సాప్‌లో గ్రూపు పెట్టారు. మేమందరం బాపట్లలో చదువుకున్నాం. పాతికేళ్ళయింది కాబట్టి అక్కడే ఒక ఆదివారం కలుద్దామన్నారు. నన్ను గ్రూపులో చేర్చిన గంటలోనే ఒకావిడ రాసింది: "పాపం, ఒక్కదానివే ఎలా ఉంటున్నావే?" దాని కింద వరసగా పదిమంది దణ్ణం పెట్టే బొమ్మలు పెట్టారు. నేనేమీ పోలేదు కదా, దణ్ణాలు దేనికో అర్థం కాలేదు. ఫోను బోర్లించి పెట్టేశాను. కోపం కాస్త తగ్గాక, అది ఒట్టి కోపం కాదని తెలిసింది. ఇన్నేళ్ళలో నేను ఉద్యోగం తెచ్చుకున్నాను, అమ్మని చివరిదాకా చూసుకున్నాను, రెండుసార్లు డిపార్ట్‌మెంటు పరీక్షలు రాసి నెగ్గాను. వాళ్ళకి నా గురించి తెలిసిందల్లా నేను ఒక్కదాన్నే ఉంటున్నానన్నది. ఆ రోజే పట్టు పట్టాను. ఆ సమావేశానికి వెళ్తాను, ఎవరి నోటా "పాపం" అన్న మాట రాకుండా ఒక్క రోజు గడిపి వస్తాను అని.

అందుకు ముందు ఒళ్ళు చూసుకోవాలి. ఆరు నెలలు టైముంది. రేపల్లె స్టేషన్లో దిగగానే ఆటో ఎక్కడం మానేసి నడక మొదలుపెట్టాను. దగ్గర దారిన కాదు, ఊరు చుట్టి వెళ్ళే దారిన. రైలు దిగినవాళ్ళందరూ ఆటోల కోసం పరిగెడుతుంటే నేనొక్కదాన్నే బెంచీ మీద కూర్చుని చెప్పులు సంచిలో పెట్టుకుని బూట్లు వేసుకునేదాన్ని. చీర కింద బూట్లు. మొదటి వారం ఆటోవాళ్ళు "ఏంటి మేడమ్, ఎక్కరా?" అని అడిగారు. రెండో వారం నుంచి అడగడం మానేశారు. సాయంత్రం స్టేషన్ బయట తినే మిరపకాయ బజ్జీలు వదిలేశాను. రాత్రికి జొన్నరొట్టె. అది నాకు చేతకాదు, పెనం మీదే విరిగిపోయేది. ముక్కల్నే పప్పులో అద్దుకు తిన్నాను.

మూడో నెలకి మేడ మెట్లెక్కితే ఆయాసం రాలేదు. నాలుగో నెలలో తల దువ్వుకుంటుంటే మెడ కింద ఎముక కనపడింది. ఎప్పుడో ఇరవైల్లో చూసిన ఎముక. దాన్ని వేలితో తడుముకుంటూ కాసేపు అద్దం ముందే ఉండిపోయాను. బాగుంది. చెప్పుకోవడానికి ఎవరూ లేరు గానీ, నిజంగానే బాగుంది.

సమావేశానికి ఆడవాళ్ళందరూ నెమలికంఠం రంగు చీరలు కట్టుకోవాలని గ్రూపులో తీర్మానించారు. చీర కొన్నాను. జాకెట్టు కుట్టించాలి. మామూలుగా మేం టైలరుకి కొలతలివ్వం, బాగా కుదిరిన పాత జాకెట్టు ఒకటి ఇచ్చి దీని ప్రకారం కుట్టమంటాం. దాన్ని ఆది జాకెట్టు అంటారు. నాది పద్నాలుగేళ్ళ నాటిది. ఒళ్ళు వచ్చినప్పుడల్లా లోపల మడిచి పెట్టిన గుడ్డ ఒక్కో కుట్టూ విప్పుకుంటూ వచ్చాను, ఇక విప్పడానికి ఏమీ మిగల్లేదు. ఇప్పుడది నా మీద గోనెసంచిలా వేలాడుతోంది. దాన్నే పట్టుకుని మా వీధి చివర టైలరు దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. పుట్టిల్లు పేరాల, మగ్గాల మధ్య పెరిగింది. ఏ గుడ్డనైనా ముందు వేళ్ళతో చూసి ఆ తర్వాతే కళ్ళతో చూస్తుంది. నా ఆది జాకెట్టు నా భుజాలకి ఆనించి చూసి పక్కన పడేసింది.

"ఇది ఇప్పుడు మీది కాదండి. చేతులెత్తండి, కొలతలు తీస్తాను."

టేపు నా చుట్టూ తిప్పింది. ఛాతీ, నడుం, చంక, చేతి పొడవు. ఒక్కో అంకె పైకి అంటూ పుస్తకంలో రాసుకుంది. చివరికి వెనక్కి వచ్చి, వీపు మీద టేపు జారిపోకుండా బొటనవేలితో నొక్కి పట్టింది. అప్పుడు తెలిసింది నాకు, ఇంకొక మనిషి చెయ్యి నా మీద పడి ఎన్నేళ్ళయిందో. రైల్లో తోపులాట సంగతి కాదు. కావాలని, మెత్తగా, ఇదిగో ఇక్కడ అన్నట్టు తాకడం. నాకు ఏడుపొచ్చింది. ముక్కు దురద పెట్టినట్టు చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

"ముందు మెడ పైకంటా మూసేసి, వెనక హుక్కులు పెడతానండి" అంది ఆవిడ. "ఇప్పుడందరూ ఇవే కుట్టించుకుంటున్నారు. మీ వీపు తీరుగా ఉంది, మీకు బాగుంటుంది."

నా వీపు గురించి మంచి మాట అన్నవాళ్ళు ఎవరూ లేరు. "సరే అక్కా" అనేశాను. ఊహ తెలిసినప్పటి నుంచి ముందు హుక్కుల మనిషిని, ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వారం తర్వాత తొడిగి చూసుకోవడానికి వెళ్తే, ఐదు హుక్కులూ ఆవిడే చకచకా పెట్టేసింది. అద్దంలో ఉన్న మనిషిని చూసి నేను సిగ్గుపడ్డాను. ఆ సిగ్గులో పడి హుక్కులు ఎవరు పెట్టారన్నది గుర్తే లేదు.

గుర్తొచ్చింది ఆ ఆదివారం పొద్దున ఆరున్నరకి. ఎనిమిది గంటల లోపు బాపట్ల రైలు. తలంటుకుని, మొహానికి కాస్త పౌడరద్దుకుని జాకెట్టు తొడుక్కున్నాను. అన్నిటికంటే కింద ఉన్న హుక్కు పట్టింది. రెండోది వేళ్ళకి తగిలి జారిపోయింది. మూడోది అసలు ఎక్కడుందో తెలియలేదు. నాకు ఏడాదిగా కుడి భుజం ఒక ఎత్తు దాటితే లేవదు. విప్పి, హుక్కులన్నీ ముందుగానే పెట్టేసి తల మీంచి తొడుక్కుందామంటే భుజాల దగ్గర ఇరుక్కుపోయింది, బయటికి తియ్యడానికే ఐదు నిమిషాలు పట్టింది. బీరువా అద్దానికి వీపు పెట్టి, చేతిలో ఇంకో అద్దం పట్టుకుంటే హుక్కులు కనపడుతున్నాయి గానీ, అద్దం పట్టుకున్న చెయ్యి పనికి రాదు. పట్టుకోవడానికి ఇంకెవరైనా ఉంటే హుక్కులే వాళ్ళ చేత పెట్టించుకుందును. చెమటకి పౌడరంతా పోయింది.

కింద వాటాలో ఇంటివాళ్ళు ఉంటారు. పిన్నిగారు ముందు రోజే కొల్లిపరలో వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళారు. బాబాయిగారు వరండాలో పేపరు చదువుకుంటున్నారు. ఆయన చాలా మంచివారు, చర్చిలో పెద్ద. ఆయన దగ్గరికెళ్ళి ఈ పని అడగడం కంటే ఊరు వదిలి వెళ్ళిపోవడం తేలిక. టైలరు షాపుకి ఆదివారం సెలవు. మంచం మీద కూర్చుని ఈ ఊళ్ళో నా వెనక ఒక్క నిమిషం నిలబడగల ఆడవాళ్ళు ఇంకెంతమంది ఉన్నారా అని ఆలోచించాను. ఒక్క పేరు రాలేదు. పద్నాలుగేళ్ళుగా ఉంటున్నాను ఇక్కడ.

పాత గోధుమరంగు జాకెట్టు తీశాను. వదులుగా ఉన్నా పిన్నులు పెట్టుకుంటే సరిపోతుంది. కొంప మునిగేది ఏమీ లేదు. కానీ అది వేసుకుని వెళ్తే వాళ్ళు ఏ మాట అంటారో నాకు ముందే వినపడింది. దాన్ని బీరువాలోకి విసిరికొట్టి, కొత్తదే తొడుక్కుని, ఒక్క హుక్కుతోనే చీర కట్టుకుని, కొంగు రెండు భుజాల మీదుగా కప్పుకుని చలిజ్వరం మనిషిలా మెట్లు దిగాను. బాబాయిగారు తలెత్తి "ఒంట్లో బాలేదా అమ్మా?" అన్నారు. "బానే ఉందండి" అని ఆటో ఎక్కేశాను.

స్టేషన్లో ప్లాట్‌ఫారం చివర, జనం తక్కువగా ఉన్నచోట ఒక పెద్దావిడ దొండకాయల గంప పక్కన పెట్టుకుని కూర్చుంది. రెండుసార్లు ఆవిణ్ణి దాటిపోయి మూడోసారి ఆగాను.

"అమ్మా, కాస్త వెనక హుక్కులు పెడతారా?"

ఆవిడ వింతగా చూడలేదు. తడి చేతులు కొంగుకి తుడుచుకుని లేచింది. "గోడ వైపు తిరుగు తల్లీ. ఊపిరి బిగపట్టు" అంది. చేతులు చల్లగా, గరుగ్గా ఉన్నాయి. ఒక్కో హుక్కూ నింపాదిగా పెట్టింది.

"ఇంట్లో ఎవరూ లేరా అమ్మా?"

"ఊరెళ్ళారండి."

"అందరూనా?"

"అందరూ."

అయిపోయిందన్నట్టు వీపు మీద రెండుసార్లు తట్టి మళ్ళీ గంప దగ్గర కూర్చుంది. ఆ చెయ్యి ఇంకాసేపు ఉంటే బాగుండుననిపించింది. ఈలోగా రైలు వచ్చింది.

బాపట్లలో ఒక కల్యాణమండపం తీసుకున్నారు. మగవాళ్ళలో సగం మందికి జుట్టు లేదు, మిగతా సగం మందికి ఉండాల్సిన దానికంటే నల్లగా ఉంది. ఆడవాళ్ళందరం ఒకే రంగులో యూనిఫారం వేసుకున్న స్కూలు పిల్లల్లా ఉన్నాం. నన్ను చూసి ముగ్గురు పోల్చుకోలేదు. నాకది ఎంత సంతోషమో చెప్పలేను. "ఏం తింటున్నావే?" అని అడిగారు. విరిగిన జొన్నరొట్టెలని చెప్పాను. పొద్దున జరిగిందంతా మర్చిపోయాను కూడా.

భోజనాల వరసలో, నాకు గ్రూపులో ఆ మాట రాసినావిడ సరిగ్గా నా వెనక నిలబడింది. నా కొంగు కాస్త పక్కకి జరిపి, "ఏంటే, వెనక హుక్కులా? ఎవరు పెట్టారేంటి?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఇటు తిరిగారు. ఆ జాకెట్టు ఎవరికి వాళ్ళు వేసుకోగలిగేది కాదని అక్కడున్న ప్రతి ఆడదానికీ తెలుసు.

"మా ఆయనకి పావుగంట పట్టింది, కళ్ళజోడు కనపడక" అంది ఒకావిడ.

"దాని మొహం చూడండే, ఎర్రబడింది. చెప్పవే, మాకు కాక ఎవరికి చెప్తావు?"

నేను తల దించుకుని నవ్వాను. ఏమీ అనకుండా ఊరుకుంటే చాలు, మిగతా కథ వాళ్ళే అల్లుకుంటారు. అబద్ధమెందుకు, ఆ అరనిమిషం హాయిగా ఉంది. లేని మనిషి ఒకడు పొద్దున్నే మా ఇంట్లో నా వెనక నిలబడి, నన్ను కదలొద్దని విసుక్కుంటూ హుక్కులు పెట్టినట్టు నాకే అనిపించింది. ఆరు నెలలు నేను నడిచింది వాళ్ళ కళ్ళల్లో ఈ చూపు కోసమే. ఇంతలో గ్రూపులో పాపమని రాసినావిడ నా చెయ్యి పట్టుకుంది. "నాకెంత సంతోషంగా ఉందో తెలుసా" అంది. ఆవిడ కళ్ళల్లో నిజంగానే నీళ్ళున్నాయి. అది మాత్రం నేను తట్టుకోలేకపోయాను.

"తెనాలి స్టేషన్లో ఒకావిడ పెట్టింది. దొండకాయలమ్మే ఆవిడ. ఎవరో నాకు తెలీదు" అన్నాను.

అందరూ ఒక్కసారిగా పగలబడి నవ్వారు. "దొండకాయలట" అని ఒకావిడ పొట్ట పట్టుకుంది. "దీని వెటకారం ఇంకా పోలేదే" అంది ఇంకొకావిడ. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఏడ్చేదాన్ని. సాయంత్రం దాకా దొండకాయల పేరు చెప్పి ఏడిపించారు, మొగుణ్ణి దాచుకున్నానన్నారు. ఆ రోజు నన్ను పాపం అన్నవాళ్ళు ఒక్కరూ లేరు. నేను కోరుకున్నది అక్షరాలా జరిగింది. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని, ఇంత ఒంటరితనం అమ్మ పోయిన రోజు కూడా లేదు కదా అనుకున్నాను.

ఇంటికొచ్చాక హుక్కులు రాలేదు. తీసేవాళ్ళూ కావాలన్న సంగతి నాకు తట్టలేదు. కాసేపు పెనుగులాడి, విసుగొచ్చి, వెనక కింది అంచులు రెండూ పట్టుకుని గట్టిగా లాగేశాను. మూడు హుక్కులు ఊడి గచ్చు మీద పడ్డాయి.

మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ జాకెట్టు టైలరు దగ్గరికి తీసుకెళ్ళాను.

"హుక్కులు ముందుకి మార్చక్కా."

"ముందు వైపు అంతా ఒకే ముక్కండి, కోస్తే పాడవుద్ది" అంది ఆవిడ, చిరిగినచోట వేలు పెట్టి చూస్తూ. "ఎందుకండీ, అంత బాగా కుదిరిన దాన్ని?"

షాపులో ఇంకెవరూ లేరు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు.

"పెట్టేవాళ్ళు లేరక్కా" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. పాపమనీ అనలేదు. సూదిలో దారం ఎక్కించి మూడు హుక్కులూ కుట్టింది, పంటితో దారం తెంపింది, జాకెట్టు మడతపెట్టి నా చేతికిచ్చింది. "ఇది వేసుకునే రోజు ఇటొచ్చెయ్యండి. నేను ఏడింటికే తలుపు తీస్తాను. విప్పడానికీ రండి, తొమ్మిదింటి దాకా ఇక్కడే ఉంటాను" అంది.

వస్తానన్నాను. జాకెట్టు ఆ చీర మడతల్లోనే ఉంది. నడక మానలేదు, ఇప్పటికీ సరిగ్గా సరిపోతుంది. అది వేసుకుని వెళ్ళాల్సిన రోజు మాత్రం ఇంకా రాలేదు.