తప్పొప్పుల పట్టిక లేని పుస్తకం

బుద్ధిలేని భక్తితో వేగడం చాలా కష్టం. నలభై ఏళ్ళు ఒంటారియో ఆస్పత్రుల్లో డాక్టరుగా పనిచేసినా నాకు బీపీ రాలేదు. గుడి పుస్తకాల కమిటీలో చేరిన ఏడాదికే వచ్చింది.

మా గుడివాళ్ళు ఒక పాత పారాయణ గ్రంథాన్ని మళ్ళీ అచ్చువేయాలనుకున్నారు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే చేత్తో పేర్చిన కాలం నాటిది. ఆ ప్రతి ఇచ్చింది వాటర్లూలో ఉండే మాష్టారు, యూనివర్సిటీలో సంస్కృతం చెప్పి రిటైరైన పెద్దాయన. ఆ రోజుల్లో కాగితాలు అచ్చయిపోయాక దొరికిన తప్పులన్నీ పుస్తకం చివర పట్టికగా వేసేవారు. ఫలానా పుటలో ఒక పాదం జారిపోయింది, ఫలానా చోట రెండు శ్లోకాలు తారుమారయ్యాయి అని. చదివేవాళ్ళు కలం పట్టుకుని ముందు అవి దిద్దుకుని, తర్వాతే పారాయణ మొదలుపెట్టాలి. మాష్టారు తాళపత్రాల ఫొటోలు భూతద్దంలో చూసి, ఆ పట్టికకు ఇంకో రెండు పేజీలు చేర్చారు. ఆరేళ్ళ పని. ఈలోగా ఆయన చూపు దాదాపు పోయింది. శనివారాలు ఓక్‌విల్ నుంచి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళి నేనే చదివిపెట్టేదాన్ని. మూలం ఉన్నదున్నట్టు ఉంచి పట్టిక చివర వేయండి, ఏది దిద్దామో చదివేవాళ్ళకు తెలియాలి అని కమిటీకి చెప్పారాయన.

ప్రూఫులు చూపించమని మూడుసార్లు అడిగాను. సర్‌ప్రైజ్ అన్నారు. ఆవిష్కరణ రోజున పుస్తకం చేతికొచ్చింది. అట్ట మీద పరిష్కర్తగా మాష్టారి పేరు, బంగారు రంగులో. చివర చూస్తే పట్టిక లేదు. ఆ పేజీల్లో కమిటీవాళ్ళ ఫొటోలున్నాయి, సూట్లలో. లోపల చూశాను. జారిపోయిన పాదం జారిపోయినట్టే ఉంది.

ప్రెసిడెంటుగారిని నిలదీశాను.

"పవిత్ర గ్రంథం కదా డాక్టరుగారూ, ఒక్క అక్షరం మార్చొద్దని టైప్ చేసేవాళ్ళకి స్ట్రిక్ట్‌గా చెప్పాం" అన్నాడు గర్వంగా.

"మరి పట్టిక?"

"అది గ్రంథం కాదుగా. దేవుడి పుస్తకంలో తప్పుల లిస్టేంటండీ, నెగెటివ్‌గా! తీసేయించాం."

నాకు ఒళ్ళు మండిపోయింది. తప్పుల్ని భక్తిగా కాపాడి, దిద్దుబాటును చెత్తబుట్టలో వేశారు! అప్పటి పండితుడు తన తప్పు తనే అచ్చువేసి చూపించాడు. వీళ్ళకు దాన్ని దాచడానికి సిగ్గైనా లేదు. ఇకమీదట ఈ పుస్తకం ఎవరు తెరిచినా ఆ తప్పులన్నీ మాష్టారి ఖాతాలోనే పడతాయి.

స్టేజి మీద ఆయనకు శాలువా కప్పారు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని తడుముతూ, నన్ను దగ్గరికి పిలిచి, "చివరి పేజీలు బాగా వచ్చాయా అమ్మా?" అన్నారు. అబద్ధం ఆడలేక ఉన్నది చెప్పేశాను. ఆయన పుస్తకం ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టారు. "మన కాగితాలు నీ దగ్గరున్నాయిగా? చదువు" అన్నారు.

హ్యాండ్‌బ్యాగులోంచి తీసి మైకులో చదవడం మొదలుపెట్టాను. ఏ పుట, ఏ పంక్తి, ఏది తప్పు, ఏది ఒప్పు. నాలుగోది చదవగానే మైకు కట్ చేశారు. లంచ్ రెడీ అని ఎవరో కేకేశారు. జనం లేచారు. మాష్టారు మాత్రం కళ్ళు మూసుకుని, చెవి నా వైపు పెట్టి, ఐదోదాని కోసం కూర్చునే ఉన్నారు.

పులిహోర లైన్లో నిలబడ్డవాళ్ళకి కూడా వినబడేలా గొంతు పెంచి, మొదటి తప్పు నుంచి మళ్ళీ చదివాను.