దోన్ ఎలియోదోరో కుడి మోకాలు

దోన్ ఎలియోదోరో చిగ్వాయ్ కుడి మోకాలు మోపనిదే కించావో దీవి నుంచి ఏ పసిబిడ్డా కారులో సముద్రం దాటింది లేదు.

భూమికి దక్షిణపు కొసన, జనవరిలో వేసవీ జూలైలో చలీ వచ్చే దీవి అది. సముద్రమంటే మరీ పెద్దదేం కాదు. దీవికీ దాల్కావే రేవుకీ మధ్య పారే సన్నని పాయ. బండ్లను కూడా దాటించే పంటు మీద అయిదు నిమిషాల దారి. ఆ పంటు మీద ఆయన కళాసీ. లారీలకు గొలుసులు బిగించడం, కార్లను వరసలో నిలబెట్టడం ఆయన ఉద్యోగం. కానీ ఏ కారు వెనకాల పిల్లల సీటు కనబడినా గొలుసులు వదిలేసి వచ్చి తలుపు తీసేవాడు. "బిడ్డను ఎత్తుకో తల్లీ" అనేవాడు. ఖాళీ సీట్లో కుడి మోకాలు మోపి, ఒంటి బరువంతా దాని మీద వేసి, కారు బెల్టును శక్తికొద్దీ లాగి బిగించేవాడు. ఆ తర్వాత బెల్టు దూరిన చోట సీటును పట్టుకుని అటూ ఇటూ కుదిపేవాడు. బొటనవేలి వెడల్పు కంటే ఎక్కువ కదిలిందా, మళ్లీ మోకాలు, మళ్లీ బెల్టు.

దీవిలో జనానికి ఇదంతా అలవాటైపోయింది. పాయ దాటడానికి అయిదు నిమిషాలు, కారులో బిడ్డ ఉంటే పావుగంట, కవలలుంటే దుంపరొట్టెలు మూట కట్టుకోవాలి.

"ఎలియోదోరో! మోకాలు దించు! రేవొచ్చి పది నిమిషాలైంది!" అని పైనుంచి పంటు నడిపే సరంగు అరిచేవాడు.

"రేవు ఎక్కడికీ పోదులేవయ్యా!" అని కారులోంచే జవాబు వచ్చేది. మనిషి కనబడేవాడు కాదు. పసుప్పచ్చ వానకోటు వెనక భాగం మాత్రం తలుపులోంచి బయటికి పొడుచుకొచ్చి, వానలో తడుస్తూ ఉండేది.

ఇప్పుడు ఆ పాయ మీద కొత్త పంట్లు తిరుగుతున్నాయి. వాటి మీది కుర్రవాళ్లు చెయ్యి ఊపి పంపేస్తారు. దీవిలోనే పుట్టి పెరిగిన మరిసెల్ కొడుకు ఫెర్మీన్‌కు గడ్డం వస్తోంది, వాడికిక ఏ సీటూ అక్కర్లేదు. అయినా పంటు మీదికి కారు ఎక్కించిన ప్రతిసారీ ఆమె వెనక తలుపు వైపు ఒకసారి చూస్తుంది. డీజిలూ పొగాకూ కలిసిన వాసన ఒకటి ముందు వస్తుందనీ, దాని వెనకాలే ఒక మోకాలు వస్తుందనీ.

అప్పట్లో ఫెర్మీన్ కడుపులో ఉండగా, ఆమెకు ఏడో నెలలోనే ఆయన దీవిలోని అచావో ఊళ్లో వాళ్ల ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. బుజం మీద బంగాళదుంపల సంచి.

"మూడున్నర కిలోలు" అన్నాడు సంచి దించుతూ. "నీ బిడ్డ అటూ ఇటూగా ఇంతే పుడతాడు. పద, కారెక్కిద్దాం."

ఆ మధ్యాహ్నమంతా ఆ దుంపల సంచిని కారులో కూర్చోబెట్టారు, దించారు, మళ్లీ కూర్చోబెట్టారు. అప్పటికే కొని ఉంచిన సీటును కారు వెనక వైపుకు తిప్పి పెట్టించాడు.

"ఇలా అయితే వాడి ముఖం నాకు కనబడదు కదా, దోన్ ఎలియోదోరో?"

"నువ్వు చూడాల్సింది రోడ్డు. కారు ఠక్కున ఆగిందనుకో, తల విసురుగా ముందుకు పోతుంది. పసివాడి మెడ లేత కాడ తల్లీ. ఇలా తిప్పి పెడితే ఆ విసురంతా సీటు వీపు మోస్తుంది. యాపిల్ పళ్ల లారీకి నాలుగు గొలుసులు వేస్తాను నేను. నీ బిడ్డ యాపిల్ పండుకు తీసిపోయాడా?"

పక్కింటావిడ తన పాత సీటు కూడా ఇస్తానందని మరిసెల్ చెప్పింది. అది ఒకసారి ప్రమాదంలో పడ్డ కారులోదని తెలిసి, గుద్దు తిన్న సీటు ఇక పనికిరాదంటూ ఆయన అక్కడికక్కడే పక్కింటికి వెళ్లి, బెల్టులు కోసేసి, సీటును చంకలో పెట్టుకుపోయాడు. ఆయన ఇంటి ముందు అలాంటివి తొమ్మిది ఉండేవి. అన్నిట్లో మట్టి నింపి కొత్తిమీర వేశాడు. వానలో తొమ్మిది సీట్లు, తొమ్మిది పచ్చని తలలు. దారిన పోయేవాళ్లు ఆ వరస చూసి నవ్వుకునేవాళ్లు.

మరిసెల్‌ను పెంచింది అమ్మమ్మ ఉబెర్లిందా. మగవాళ్లను దోన్ అన్నట్టే, ఆవిడను ఊరంతా గౌరవంగా దోన్యా అనేది. ఆవిడ లోకమంతా ఊలు. గొర్రె ఊలు తనే వడికేది, తనే రంగు వేసేది, తనే అల్లేది. ఆదివారాలు దాల్కావే సంతలో దుకాణం పెట్టేది. మరిసెల్‌కు సూదులు పట్టడం రాదు. ఏది ఎవరి అల్లికో చెప్పడం అసలే రాదు. "నా కడుపున పుట్టినదాని కడుపున చెక్కముక్క పుట్టింది" అని అమ్మమ్మ బాధ.

మునిమనవడి కోసం ఆవిడ ఏడు నెలలు కూర్చుని ఒక కోటు అల్లింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చే రోజున ఫెర్మీన్‌కు దాన్ని తొడిగింది. అందులో వాడు కత్తెర పడని గొర్రెపిల్లలా ఉన్నాడు. చేతులు కిందికి దిగవు. ముక్కు ఒకటే బయట.

"జనవరి అమ్మమ్మా, నడివేసవి!"

"ఆ సంగతి వానకు తెలుసా?"

పంటు ఎక్కారు. పసుప్పచ్చ కోటు వచ్చింది. సీటును కుదిపి చూసి, కదలకపోయేసరికి దుంపల సంచి పాఠం వృథా పోలేదని ముచ్చటపడింది. తర్వాత ఫెర్మీన్ వైపు చూసింది.

"ఇందులో బిడ్డ ఉన్నాడా?"

"ఉన్నాడు. ఉండకపోతే ఏముంటుంది?" అంది అమ్మమ్మ.

"కోటు తియ్యాలి దోన్యా."

"చేతులు తీసేస్తాను."

ఎవరి చేతులో ఆవిడ చెప్పలేదు. ఆయన బిడ్డ కోటు మీదనే సీటు పట్టీలు బిగించాడు. బుజం దగ్గర పట్టీని వేళ్లతో గిల్లబోతే చిక్కలేదు. "చూశావా, ఎంత బిగువో!" అంది ఆవిడ. ఆయన బకిల్ విప్పి, కోటు తీసి, పట్టీలను పొడుగూ పొట్టీ చెయ్యకుండా బిడ్డను మళ్లీ అందులోనే కూర్చోబెట్టి బకిల్ పెట్టాడు. తన పిడికిలిని పట్టీ కిందికి పోనిచ్చాడు. గొలుసులు లాగి లాగి కాయలు కాసిన పిడికిలి. మొత్తం దూరింది.

"ఊలు నలిగిపోతుంది దోన్యా. కారు గుద్దుకుంటే ఈ ఖాళీలోంచి బిడ్డ జారిపోతాడు."

అప్పటికి చుట్టూ పదిమంది మూగారు. చేపల లారీ డ్రైవరు కూడా తొంగి చూస్తున్నాడు. నలభై ఏళ్లుగా ఆవిడ అల్లికను అందరూ తడిమి మెచ్చుకున్న వాళ్లే. అందులో పిడికిలి దూర్చి చూపించిన వాడు లేడు.

"నా ఊలు విలువ నీకేం తెలుసయ్యా, గొలుసుల మారాజా!" అంది ఆవిడ. "పువెర్తో వారాస్ పట్నంలో పెద్ద హోటలు వాళ్లు ప్రతి చలికాలం నా దగ్గర పన్నెండు చిన్న కంబళ్లు చెప్పి చేయించుకుంటారు. నాలుగేళ్లుగా! దొరలు నా కంబళ్ల కింద నిద్రపోతున్నారు!"

"హాయిగా నిద్రపోతూ ఉంటారు దోన్యా" అన్నాడు ఆయన. కోటును చేతులు లోపలికి మడిచి, జాగ్రత్తగా ఆవిడ ఒళ్లో పెట్టాడు.

ఆ రోజు ఆవిడ ఒట్టు పెట్టుకుంది. ఆ మోకాలు తిరిగే పంటు మీద కారులో కూర్చోనని.

పాయ దాటకుండా సంతకు పోలేరు. పంటు ఒకటే. కాబట్టి ప్రతి ఆదివారం ఒకే ఇంట్లోంచి ఇద్దరు బయలుదేరేవారు. మరిసెల్ బిడ్డతో కారులో. అమ్మమ్మ ఊలు మూటలతో బస్సులో. పంటు మీద కారు కింద, అమ్మమ్మ ప్రయాణికుల పైగదిలో, కిటికీకి వీపు పెట్టి. అవతలి రేవులో మళ్లీ ఎవరి దారి వాళ్లది. సంతలో ఇద్దరూ ఒకే దుకాణంలో కూర్చునేవారు.

"తడిసిపోయావు అమ్మమ్మా!"

"ఊలుకు నీళ్లు కొత్తా?"

దీనికంతటికీ శిక్ష పడింది ఫెర్మీన్‌కు. మరిసెల్ స్టీరింగు పట్టుకుంటే వాడి పక్కన ఎవరూ లేరు. వెనక్కి తిరిగిన సీట్లో వాడికి కనబడేది కారు సీటు గుడ్డ. అచావో నుంచి రేవు దాకా ఏడుపు, రేవు నుంచి సంత దాకా ఏడుపు. ఆమె రోడ్డు వంకే చూస్తూ, వాడితో పాటు తనూ ఏడ్చిన ఆదివారాలున్నాయి. వాడి పక్కన అమ్మమ్మ కూర్చుంటే చాలు, ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు. ఇంట్లో ఆ మాట ఎత్తితే సూదుల చప్పుడు పెరిగేది.

అమ్మమ్మ ఫెర్మీన్‌కు తొడిగి పంపిన కోటును ఎలియోదోరో ప్రతిసారీ విప్పి, పట్టీలు బిగించి, తన వానకోటులోంచి ఒక చిన్న కంబళి తీసి పట్టీల పైనుంచి కప్పేవాడు. ఇంజను గొట్టం మీద వేడి చేసిన కంబళి, డీజిలు వాసన కొట్టేది. సంత దగ్గర అది కారు దిగేది కాదు, సాయంత్రం తిరుగు దారిలో తీసేసుకునేవాడు.

"ఆవిడ పైనే ఉందా?"

"పైనే."

ఆయన తలెత్తి పైకి చూసేవాడు. "పక్కన అంత ఖాళీ పెట్టుకుని ఎంత బిగించినా, నా మోకాలికి తృప్తిగా లేదు తల్లీ."

ఆ మధ్య అమ్మమ్మ కళ్లలో పొర కమ్మింది. అల్లికలో పోగులు జారేవి. ఆవిడకు కనబడేవి కావు, కొనేవాళ్లకు కనబడేవి. వాళ్లు కోటును తిరగేసి చూసి, మెల్లగా కింద పెట్టి పోయేవారు. హోటలు కంబళ్లు మాత్రం ఆగలేదు. పక్క దుకాణం హెర్మిందా ఆ కబురు తెచ్చేది, పూర్తయ్యాక కంబళ్లు తీసుకెళ్లేది. "పోగు జారినా దారాల్లో ప్రాణముందని హోటలు వాళ్లకు తెలుసే" అని అమ్మమ్మ మురిసిపోయేది.

జూలైలో ఒక ఆదివారం గాలివాన. పంటు పైగది అద్దం పగిలి, తలుపుకు తాళం వేశారు. రేవు దగ్గర అమ్మమ్మ మూటలతో నిలబడి ఉంది. తల మీద ప్లాస్టిక్ సంచి.

మరిసెల్ వెనక తలుపు తీసింది. "ఎక్కు."

"అవతలి ఒడ్డు దాకానే. ఆయనొస్తే నేను మాట్లాడను."

ఆవిడ కూర్చుంది. ఫెర్మీన్ ఏడుపు సగంలో ఆపి, ఆ తడిసిన ముఖాన్ని చూశాడు. చెయ్యి చాచి ఆవిడ వేలు పట్టుకున్నాడు. కారు కప్పు మీద వాన చప్పుడు ఒక్కటే మిగిలింది. ఇన్ని నెలల్లో ఆ కారులో అంత నిశ్శబ్దం మరిసెల్ ఎరగదు.

అవతలి తలుపు తెరుచుకుంది. ఎలియోదోరో ఆవిడను చూశాడు. ఆవిడ సముద్రాన్ని చూసింది. ఆయన బిడ్డ కోటు విప్పి, మడిచి, పట్టీలు బిగించి, గిల్లి చూసి, కంబళి కోసం వానకోటులో చెయ్యి పెట్టాడు. తియ్యబోయి ఆగాడు. తర్వాత, ఇక తప్పదన్నట్టు, తీసి కప్పాడు.

అమ్మమ్మ చెయ్యి బిడ్డ దగ్గరే ఉంది. కంబళి ఆ చేతికి తగిలింది. కళ్లకు పొర గానీ వేళ్లకు లేదు. అవి అంచు పట్టుకుని నడిచాయి. ఒక జారిన పోగు దగ్గర ఆగాయి. మూల దాకా వెళ్లి, అక్కడి మూడు నల్ల పోగుల ముడిని తడిమాయి. ఆ ముడి ఆవిడ గుర్తు.

"ఇదెక్కడిది?"

"పంటుది" అన్నాడాయన, బిగించిన పట్టీనే మళ్లీ బిగిస్తూ.

"పంటుకు గొర్రెలున్నాయా?"

ఆయన బకిల్‌ను బొటనవేలితో తుడిచాడు.

"ఇలాంటివి ఎన్నున్నాయి?"

"అరవై. ఇంజను గదిలో."

అమ్మమ్మ వేళ్లు మళ్లీ ఆ ముడి మీదికి వచ్చాయి. "హోటలు..." అంది చివరికి.

"ఇదీ పెద్ద హోటలే దోన్యా." ఆయన ఫెర్మీన్ వైపు గడ్డం చూపించాడు. "దొరలు నిద్రపోతారు. ఇడుగో, ఒక దొర." తర్వాత గొంతు తగ్గించాడు. "రోజూ ఏదో ఒక బిడ్డ ఒంటి మీంచి మీ ఊలు విప్పుతున్నాను. కొంతయినా తిరిగి కప్పొద్దా?"

మరిసెల్ ముందు అద్దంలో అమ్మమ్మను చూస్తోంది. అమ్మమ్మ కంబళిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"దీన్ని వేణ్ణీళ్లలో ఉతికిందెవరు?"

"నేనే."

"బుద్ధుందా నీకు? ఎలా ముడుచుకుపోయిందో చూడు! చన్నీళ్లలో ఉతకాలి. నీడలో ఆరెయ్యాలి. పిండకూడదు!"

"సరే దోన్యా."

"ఇంకా నిలబడ్డావేం? బిడ్డను తీస్తాను, మోకాలు మోపు. ఇందాక మోపలేదు, నేను చూస్తూనే ఉన్నాను. ఆఁ, గట్టిగా! చర్చిలో మోకరించినట్టు మోపుతావేం?"

"మోకాలు దించవయ్యా, ఎలియోదోరో!" పైనుంచి సరంగు.

"నోర్ముయ్యవయ్యా!" ఈసారి అరిచింది అమ్మమ్మ.

ఆ తర్వాత ఆవిడ ప్రతి ఆదివారం ఫెర్మీన్ పక్కనే కూర్చుంది. పసుప్పచ్చ కోటు రాకముందే తనే వాడి కోటు విప్పి, చేతులు లోపలికి మడిచి పెట్టుకునేది. కంబళ్ల సంగతి మాత్రం ఇద్దరూ మళ్లీ ఎత్తలేదు. మరుసటి ఏడు చలికాలం ముందు హెర్మిందా ఎప్పటిలాగే వచ్చి, హోటలు వాళ్లు పన్నెండు అడుగుతున్నారని చెప్పింది. అమ్మమ్మ ఎప్పటిలాగే, "పువెర్తో వారాస్ వాళ్లకు ఊలు విలువ తెలుసే" అంది.

పూర్తయ్యాక పన్నెండు కంబళ్లూ, వాటి మీద పదమూడోదిగా ఇంకేదో పెట్టి హెర్మిందా చేతికిచ్చింది. హెర్మిందా దాన్ని ఎత్తి పట్టుకుని చూసింది. మందంగా, గుండ్రంగా, రెండు వైపులా తెరిచి ఉంది.

"ఇదేమిటి, టోపీయా?"

"కాదు."

"మేజోడా? మరి రెండోదేదీ?"

"ఒకటే" అంది అమ్మమ్మ, సూదులు సర్దుకుంటూ. "హోటలు యజమానికి కుడిది చాలు."