ఉనైజా తోటలో కొత్త ఫోర్‌మన్‌ను దించి వచ్చిన రోజు

యుద్ధం ఆగి నెల తిరగలేదు. రియాద్ మలాజ్‌లో మేం కడుతున్న బిల్డింగుకు సిమెంటు రాక నాకు పని లేదు. మా బామ్మర్ది రాజన్నకు మాత్రం మోయలేనంత పని వచ్చి పడింది. వాడి కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చిన యజమానికి, ఉనైజాలో ఖర్జూరం తోట ఉంది. యుద్ధమప్పుడు రియాద్‌లో సైరన్ మోగిందని రేడియోలో విని, అక్కడి పాత ఫోర్‌మన్ పారిపోయాడు. మిగిలిన ఆరుగురు కూలీలూ మమ్మల్ని ఇంటికి పంపండని పని మానేసి కూర్చున్నారు.

ఖర్జూరానికి మగ చెట్టు పూత తెచ్చి ఆడ చెట్టు గెలలో చేత్తో కట్టాలి. ఆ కొద్ది రోజులు దాటాయా, ఆ ఏడు కాయ లేదు. "గురువారం మధ్యాహ్నం జొహర్ నమాజుకల్లా వచ్చి పని మొదలుపెట్టించు. లేకపోతే ఆ ఆరుగురితో పాటు నీకూ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపుతా" అని కఫీల్ కబురు పెట్టాడు. రాజన్న గోడలు కట్టే మేస్త్రీ. సిమెంటు దొంగిలించడన్న ఒక్క గుణం చూసి వాడిని ఎంచుకున్నాడు ఆ పెద్దమనిషి.

"ఒక్కన్ని పోతే వణుకొస్తది. నువ్వు గూడ రా బావా" అంటే బయలుదేరాను.

వెళ్లేవాళ్లకు ఒక మాట. ఊరు దాటాలంటే కఫీల్ రాసిచ్చిన చీటీ జేబులో ఉండాలి. దారిలో పోలీసులు రెండుచోట్ల అడిగారు. బతా బస్టాండు నుంచి పొద్దున ఆరున్నరకు బస్సు. లోపల ఏసీకి పళ్లు కొట్టుకుంటాయి, దుప్పటి తీసుకెళ్లండి. తొమ్మిదింటికి పెట్రోలు బంకు దగ్గర ఆపితే చాయ్, గుడ్డు పెట్టిన రొట్టె తీసుకున్నాం. రాజన్న రొట్టె ముట్టలేదు.

"పదిమంది చూస్తుంటే నాకు నోరే పెగలది. ఆళ్లు ఎదురు తిరిగితే ఏం జెయ్యాలె?"

వాడి ముఖం చూడలేక, మా అవ్వ చెప్పిన రాజు కథ ఎత్తుకున్నాను.

"పగటీలి కథ జెప్తె బాటసారులు తొవ్వ తప్పుతరంటరు గదనె" అన్నాడు.

"అది ఊళ్లె మాట. ఈడ తొవ్వ ఒక్కటే, అదిగూడ డ్రైవర్ సూసుకుంటడు. నువ్వు ఊఁ కొట్టు."

ఊఁ కొట్టింది వెనక సీటు. తిరిగి చూస్తే కడప మనిషి, మస్తాన్ భాయ్. బురైదాలో పికప్ తోలతాడట. "చెప్పప్పా, తెలుగు కత ఇని శానా దినాలాయ" అన్నాడు. ఇద్దరు వినేవాళ్లుంటే నాకింకేం కావాలి?

యుద్ధంలో పాత రాజు పోయాడు. రాజ్యం చేతికి చిక్కిన మంత్రి జనాన్ని పీల్చి పిప్పి చేశాడు. కొత్త రాజు వచ్చేసరికి చెరువులు పూడిపోయాయి, ఊళ్లు సగం ఖాళీ, దున్నడానికి ఒక్క ఎద్దు లేదు. రాజు సింహాసనం ఎక్కలేదు. తన యుద్ధపు గుర్రాన్ని తెచ్చి నాగలికి కట్టాడు.

"గుర్రం దున్నుతాదా?" అన్నాడు మస్తాన్ భాయ్.

"ఏం దున్నుతది? సాలు పాము పాకినట్టు పాయె. ఊరంత గట్టు మీద నిలబడి సూస్తున్నది."

"సూసి ఏమన్నరు బావా?" రాజన్న ముందుకు వంగాడు.

నేను చెప్పబోతుంటే బస్సు ఆగి జనం దిగసాగారు. మస్తాన్ భాయ్ కిటికీలోంచి చూసి నాలుక కరుచుకున్నాడు. "ఇది బురైదా గదప్పా. ఉనైజా యనకాలే పాయ."

పదకొండున్నర. రాజన్న నన్ను తిట్టనైనా లేదు, అంత నీరుగారిపోయాడు. "కత ఇన్న పాపం నాది గూడా ఉండాది" అని మస్తాన్ భాయ్ తన పికప్ తీశాడు. మేం తోట చేరేసరికి నమాజు అయిపోయింది. కఫీల్ చెప్పులు తొడుక్కుంటున్నాడు. మమ్మల్ని చూసి, వాచీ చూసి, తాళంచెవులు రాజన్న చేతిలో పెట్టి పక్కకు నిలబడ్డాడు.

ఆరుగురూ మూటలు కట్టుకుని గది ముందు కూర్చున్నారు. అందరిలో పెద్దవాడు బక్కయ్య, నిజామాబాద్ మనిషి. "కొత్త ఫోర్‌మన్‌వా? చెయ్యి నీ హుకుం, ఇంటం" అన్నాడు.

రాజన్న చెమట తుడుచుకున్నాడు. చివరికి, "నేను మేస్త్రీని తాతా. చెట్టెక్కుడు రాదు, పూత కట్టుడు రాదు. మీరు నేర్పితె చేస్త" అన్నాడు.

ఇక ఎగ్జిటే అనుకున్నాను.

బక్కయ్య వాడిని కింది నుంచి మీది దాకా చూశాడు. "పాతోనికి గూడ రాకుండె. వస్తదని చెప్పుకుంట మమ్ముల మూడేండ్లు తిప్పిండు." అందరూ ఒక్కసారి నవ్వారు. బక్కయ్య లేచి, చెట్టెక్కే మోకు తెచ్చి రాజన్న నడుముకు తనే బిగించాడు. ఇక కానివ్వండన్నట్టు కఫీల్ "యల్లా" అని కారెక్కాడు.

మూడింటికి అన్నం, టమాటా పప్పు పెట్టారు. నాలుగున్నరకు ఉనైజా నుంచి తిరుగు బస్సు. స్టాపు దగ్గర దించుతూ మస్తాన్ భాయ్ ఈసారి డ్రైవర్‌కు గట్టిగా చెప్పాడు, ఈయన్ని రియాద్‌లోనే దించమని. పక్క సీటులో హైదరాబాద్ కుర్రాడు. "ఉనైజాలో ఏం చూసినవ్ అన్నా?" అని అడిగాడు.

"కొత్త రాజు చెట్టు మీద యాలాడుతున్నడు. ప్రజలంత కింద నిలబడి హుకుం జేస్తున్నరు. ఈ ఏడు కాయ మస్తుగ కాస్తది" అన్నాను.