మొగుడి డబ్బాలో మాత్రలు

బట్టల దుకాణంలో కాజాలు కుట్టే ఆమెకు మొగుడి నున్నటి బుగ్గలు చూస్తే ఒళ్లు మండేది. ఇద్దరికీ మొదటి పెళ్లిళ్లలోనే హెచ్‌ఐవీ అంటింది. మందుల కోసం ఆసుపత్రి వరుసలో నిలబడి నిలబడి పరిచయమై, రెండో పెళ్లి చేసుకున్నారు. అవే మాత్రలు, అదే వేళకి వేసుకునేవారు. అయినా అతని రక్తంలో వైరస్ కనిపించనంతగా తగ్గింది, ఆమెకు పెరిగింది. అతను దుక్కలా తయారవుతుంటే, ఆమె తన జాకెట్లు బిగించి కుట్టుకుంటూ కూర్చుంది.

"నువ్వు మాత్రలు ఎగ్గొడుతున్నావేమో" అన్నాడతను ఒకసారి.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. మహత్తంతా అతని డబ్బాలోనే ఉందనుకుని, గుట్టుగా డబ్బాలు మార్చేసింది. అతని బుగ్గలు అలాగే ఉన్నాయి.

చివరికి డాక్టరమ్మ ఆమె వైరస్‌కు జన్యు పరీక్ష చేయించి, ఇద్దరినీ పిలిచింది.

"తప్పు నీది కాదమ్మా. నీ వైరస్ ఈ మందుకి లొంగకుండా ముందే రాటుదేలింది. నీ మొదటి భర్త మందులు సరిగ్గా వాడేవాడా?"

"నా ముందు వేసుకునేవాడు కాదండీ. పోయాక పరుపు కింద మాత్రలు దొరికాయి, సగానికి సగం అలాగే ఉన్నాయి."

"అలా అరకొరగా వాడటంతో అతని ఒంట్లో మొండికేసిన వైరసే నీకు అంటుకుంది. మందు మారుద్దాం."

ఇంటికొచ్చాక మొగుడు మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

"అయితే వాడింకా నీలోనే ఉన్నాడన్నమాట."

ఇన్నాళ్ల కుళ్లూ ఆమెకు ఒక్కసారిగా చల్లారింది. కొత్త మాత్ర అరచేతిలో పెట్టుకుంది.

"ఉన్నాడు. వాడి నోరు మూయించడానికే ఇది. లేచి నీళ్లు తే."