పదునైంది అన్న మాట కోసం బెంగళూరుకు

రాప్తాడు దగ్గర మా ఊర్లో రెండేళ్ల కిందట ఒక చిన్న సినిమా తీశారు. పేరున్న నటులు లేరు, పాటలు లేవు, ఊరివాళ్లే మాట్లాడారు. నేను విత్తనాల కొట్టు నడుపుకుంటూ ఫోన్లో పరదేశపు సినిమాలు చూసేవాణ్ని. అందుకే ఆ బృందానికి చేలూ ఇళ్లూ చూపించే పని నామీద పడింది. మా పక్కచేను రైతు నాగన్న మామ కెమెరా ముందు తన అన్న ఓబులేసు గురించి చెప్పాడు. రాత్రి వాన పడితే తెల్లారి ఓబులేసు "పదునైందిరా, ఇంగ ఆగేది లేదు" అని గొర్రు కట్టుకుని విత్తడానికి పోయాడు. మధ్యాహ్నం మళ్లీ మబ్బు కమ్మి, పిడుగు పడి చేలోనే చనిపోయాడు. ఆయనకు ఒక్క ఫొటో కూడా లేదు. సినిమాలోనైనా అన్న మాట నిలుస్తుందనే మామ ఒప్పుకున్నాడు. మొన్న ఆ సినిమాను బెంగళూరు చిత్రోత్సవంలో వేస్తున్నారని తెలిసి ఇద్దరం బయల్దేరాం.

రాప్తాడులో తెల్లవారి ఐదున్నరకు బస్సెక్కితే పదిన్నర, పదకొండుకు హెబ్బాళ వంతెన దగ్గర దిగవచ్చు. టికెట్టు నాలుగు వందల లోపే. పెనుకొండ దాటాక బాగేపల్లిలో టిఫినుకు ఆపారు. ఇడ్లీలు పెట్టే మనిషికి తెలుగు వచ్చు. ఎక్కడికని అడిగితే మామ సినిమాకన్నాడు.

"సినిమాకి ఇంత దూరమా పెద్దాయనా? మీ పక్క టాకీసు లేదా?"

"ఉండాది. దాంట్లో నేను లేను."

హెబ్బాళ నుంచి హాలుకు సిటీ బస్సులో అరగంట. రోజంతటికీ పాసు మూడు వందలు. మా సినిమా మూడు గంటలకు కాబట్టి ముందు వేరే రెండు చూశాం. మొదటిది ఇరాన్ సినిమా. నీళ్ల ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊరి కథ. ఎండను ఎట్లా చూపించాలో ఆ దర్శకుడికి తెలుసు. కానీ నాలుగు నిమిషాలు ఒక గాడిద మీదే కెమెరా నిలిపాడు. ఆ గాడిదకు గూడా దుడ్లు ఇచ్చింటారా అని మామ అడిగితే ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. రెండోది కొరియాది, తండ్రీ కూతుళ్ల తగువు. అందరూ మెచ్చుకున్నారు గానీ, బాధను అంత శుభ్రంగా సర్ది చూపిస్తే నాకు నమ్మకం కలగదు.

మూడింటికి మా ఊరు తెర మీదికి వచ్చింది. మామ ముఖం పెద్దగా కనిపించింది. అన్న మాట చెప్పాడు. కింద ఇంగ్లిషు అక్షరాలు పడ్డాయి. కత్తికి పదును పెట్టడమైంది, ఇక ఆగేది లేదు అని రాశారు. ఆ మాటకు ముందు మామ చెప్పిన వాన సంగతి, తర్వాత చెప్పిన పిడుగు సంగతి కత్తిరించేశారు. ఖాళీ చేను, బొట్టు లేని ఓబులేసు భార్య, అంతే. హాలంతా ఊపిరి బిగబట్టింది. సినిమా అయ్యాక ఒకామె లేచి ఆ ప్రాంతంలో నరుక్కోవడం ఇంకా ఉందా అని ఇంగ్లిషులో అడిగింది. దర్శకుడు నెత్తురు, నేల అంటూ చాలాసేపు చెప్పాడు. మామకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అన్న మాటకు అందరూ గమ్ముగైపోయినారని సంతోషంగా ఉన్నాడు.

దర్శకుణ్ని బయట పట్టుకున్నాను. కోస్తావాడు, మర్యాదస్తుడు. పదును అంటే విత్తడానికి సరిపడా నేల తడి అని చెప్పాను. దానికి ఆయన అన్నాడు.

"కింది అక్షరాలు రాసిన మా టీము అమ్మాయి ఫోన్ చేసి మిమ్మల్నే అడిగింది కదండీ. పదును అంటే మామూలు పదునేనా అని. మీరు మామూలుదే అన్నారు."

అన్నాను. కొట్లో ఎవరికో వేరుశనగ విత్తనం తూస్తూ, మామూలుదే తల్లీ అన్నాను. నాకు మామూలు పదును అంటే నేలదే. దిద్దమని అడిగితే, ఇప్పటికే చాలా దేశాలు తిరిగిందండీ, అందరికీ నచ్చిన సీను అదే అన్నాడు.

ఆరు గంటలకు తిరుగు బస్సు దొరికింది. చిక్కబళ్లాపురం దాటాం. ఆ మాటకు కింద ఏం రాసినారప్పా అని మామే అడిగాడు. చెప్పాను. ఫోన్ సంగతి కూడా చెప్పాను. పెనుకొండ దీపాలు కనిపించినప్పుడు ఆయన అన్నాడు.

"పదును అంటే వాళ్లకి తెల్దు, సరే. వాళ్లకి తెల్దని నీకు తెల్దా?"

ఇన్నేళ్లుగా తెర కింది అక్షరాలు నమ్మి పరదేశపు సినిమాలను మెచ్చుకున్నాను, తిట్టాను. వాటిలో ఎంతమంది ఓబులేసులు హంతకులయ్యారో నాకు తెలియదు. ఆ గాడిద దగ్గర మనిషి గొణిగిన మాటకు నిజమైన అర్థమేమిటో కూడా తెలియదు. ఇప్పుడు కింది అక్షరాలను నమ్మలేను, అవి లేకుండా చూడనూ లేను. ఈ ఏడు నాగన్న మామ విత్తనానికి నా కొట్టుకు రాలేదు.

మీ ఊర్లో కూడా ఎవరైనా సినిమా తీస్తే ఒక్క పని చేయండి. మీ మాటకు అర్థం ఫోన్లో అడిగితే చెప్పకండి. వాన పడిన మరుసటి రోజు రమ్మని, చేలో నుంచి పిడికెడు మట్టి తీసి వాళ్ల చేతిలో పెట్టి చెప్పండి.