ఫారిన్ డిస్కు

గల్ఫ్‌లో, సిత్రా అనే చోట ఉన్న చమురు శుద్ధి కర్మాగారం ఒకప్పుడు నా చేతులమీదుగా నడిచిందని మా మనవలకు చెబుతుంటాను. కొంచెం ఎక్కువే చెబుతాను. ఆ కర్మాగారానికి పైపుల పని చేసే కాంట్రాక్టరు దగ్గర, క్యాంపు ఆఫీసులో టైంకీపరును నేను. ఆఫీసు కంప్యూటర్లన్నీ నా ఆధీనంలోనే ఉండేవి. అన్నీ అంటే ఒకటి.

శుక్రవారం సెలవు. ఆ పూట క్యాంపులో ఒక మేస్త్రి మల్లన్న దేవుడి కథ చెప్పేవాడు. కరీంనగర్ వైపు మనిషి, ఒగ్గుకథ చెప్పే ఇంట పుట్టినవాడు. డోలు లేక పెయింటు డబ్బా వాయించేవాడు. అతన్ని వారం వారం ఆఫీసుకు పిలిపించి ఆ కథ మొత్తం కంప్యూటర్లో రికార్డు చేశాను. కళకు నేను చేసిన సేవ అది. నిజానికి, కొత్తగా వచ్చిన మైకు ఎలా పనిచేస్తుందో చూడాలని నా సరదా.

తర్వాత సిమెంటు దుమ్ముకు అతని గొంతు పోయింది. మాట గాలిలాగా వచ్చేది, పాట అసలే రాదు. వీసా క్యాన్సిల్ చేయించుకుని ఇంటికి బయలుదేరాడు. కొడుక్కి కథ నేర్పాలి, నేర్పడానికి గొంతు లేదు. ఆ రికార్డు ఒక్కటే దిక్కు. సరిగ్గా అప్పుడే ఏసీ నీళ్లు కారి ఆఫీసు కంప్యూటర్ కాలిపోయింది.

"పెట్టె పోతే పోయింది, డిస్కు బతికే ఉంది తమ్ముడూ" అని ధైర్యం చెప్పాను. డిస్కును ఊడదీసి, ఒక డబ్బాలో బిగించి, వైరుతో మేనేజరు ల్యాప్‌టాప్‌కు తగిలించాను. తెరమీద డిస్కు కనబడింది. దాని పక్కన ఇంగ్లీషులో ఒకే మాట, ఫారిన్.

మేస్త్రి మురిసిపోయాడు. "ఫారినా సార్? మంచిదే గద! మా ఊర్ల ఫారిన్ సామాన్ అంటే వాడకట్టంత చూడొస్తరు."

"ఇక్కడ ఫారిన్ అంటే లోపలికి రానివ్వనని."

"గట్లనా. మరి దీనికి వీసా ఇచ్చిన కఫీల్ ఎవడో అడుగు సార్."

నవ్వి, మౌసు పట్టుకున్నాను. కుడి బటన్ నొక్కితే ల్యాప్‌టాప్ ఏవేవో చూపించింది. డిస్కును చేర్చుకునే దారి మాత్రం అందులో లేదు. తుడిచిపారేసే దారి ఉంది. వైరు మార్చాను, ఆపి మళ్లీ వెలిగించాను, చివరికి మేనేజరు కొన్నది నాసిరకం ల్యాప్‌టాప్ అని తేల్చేశాను.

మేస్త్రి నవ్వడం మానేసి అన్నాడు, "పోయిందా సార్ నా గొంతు?"

వైరు పీకి డిస్కు చేతిలోకి తీసుకున్నాను. ఇద్దరం ఉమ్మ్ అల్ హస్సామ్ అనే పేటలో ఒక హైదరాబాద్ భాయ్ నడిపే రిపేరు షాపుకు వెళ్లాం. భాయ్ చూసీ చూడగానే పెదవి విరిచాడు.

"అరె సాబ్, దీన్ని ఎవరో డైనమిక్ డిస్కు చేసి పెట్టిండ్రు. గది డెస్క్‌టాప్‌ల నడుస్తది. ల్యాప్‌టాప్‌ల ఆ ఆప్షనే ఉండదు, తలకాయ కొట్టుకున్నా రాదు. ఎవరు చేసిండ్రు?"

"నాకంటే ముందున్న టైంకీపరు అయ్యుంటాడు" అన్నాను. నాకంటే ముందు ఆ క్యాంపులో టైంకీపరే లేడు.

భాయ్ డిస్కును తన పెద్ద కంప్యూటర్లో బిగించాడు. అక్కడ 'ఇంపోర్ట్' అన్న మాట వెంటనే కనబడింది. నొక్కి, "ఖలాస్" అన్నాడు. పెయింటు డబ్బా మోగింది. వెనకే ఆ పాత గొంతు, షాపంతా నిండేటట్టు. మేస్త్రి తల వంచుకుని పెదవులు కదిపాడు, చప్పుడు లేకుండా.

మల్లన్న గొర్రెలను తోలుకొస్తున్న చోట కథ టక్కున ఆగింది. ఇంకో గొంతు వచ్చింది, మా కృష్ణా జిల్లా గొంతు.

"ఒక్క నిమిషం తమ్ముడూ! ఇందాక దీంట్లో డైనమిక్ అని ఏదో కనబడితే నొక్కేశాను. ఇహ ఇది మామూలు డిస్కు కాదు, మహా చురుకైన డిస్కు. నీ కథకు వెయ్యేళ్లు ఢోకా లేదు. ఊఁ, కానివ్వు."

భాయ్ నా వైపు తీరిగ్గా చూశాడు. "పాత టైంకీపర్ గొంతు అచ్చం మీ గొంతు లెక్కనే ఉన్నది సాబ్."

ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేయను, సాక్షిని నేనే రికార్డు చేసి పెట్టుకున్నాను కదా. ఆ ముక్క కోసేయమని భాయ్‌ని బతిమాలాను. మేస్త్రి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనీ సార్. ఒగ్గుకతల నడుమ నడుమ నవ్విచ్చెటోడు ఒకడు ఉండాలె. గీడ మా జట్టుల గసొంటోడు లేకుండె."

భాయ్ కథంతా ఎక్కించి ఇచ్చిన సీడీలను లుంగీలో చుట్టుకుని, మేస్త్రి ముహర్రక్‌లో విమానం ఎక్కాడు. కొన్నాళ్లకు ఫోన్ చేశాడు. కొడుకు కథ మొత్తం పట్టేశాడట. గొర్రెల దగ్గరికి రాగానే డోలు ఆపి, కృష్ణా జిల్లా యాసలో "మహా చురుకైన డిస్కు" అంటాడట. జనం విరగబడి నవ్వుతారట.

కరీంనగర్ వైపు ఊరూరా నా పేరు మారుమోగుతోందని మనవలకు చెబుతుంటాను. మారుమోగేది పేరు కాదు, ఆ మాట. అక్కడ నా పేరు ఎవరికీ తెలియదు.