మా లైన్‌లో ఎవరూ చూడని చివరి ఎపిసోడ్

తెలంగాణ రావడానికి చాలా ముందు, మా గోదావరిఖని క్వార్టర్లలో ఇంటింటికీ కేబుల్ వచ్చిన కొత్తలో, ఒక టీవీ సీరియల్ వచ్చి నా చదువు మీద పడింది. అందులో ఒక లేడీ ఇన్‌స్పెక్టర్. ఆమె వెతికేది ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లను ఒకరి తర్వాత ఒకరిని చంపుతున్న మనిషిని. వాడి మొహం చూపించరు. నల్ల గ్లౌజులు, బూట్ల చప్పుడు, అంతే. ఆమె వాడి దగ్గరిదాకా వెళ్లేసరికి ఆ రోజుకు అయిపోయేది. రాత్రి ఎనిమిదింటికి అది మొదలైతే మా క్వార్టర్ల లైన్‌లో నల్లా దగ్గర మనిషి కనిపించేది కాదు.

నేనప్పుడు పదో తరగతి. పాలిటెక్నిక్ ఎంట్రన్స్ రాయాలని పట్టు పట్టి కూర్చున్నాను. లెక్కల్లో మాత్రం అంతంతమాత్రం. ఆఫీసర్ల క్వార్టర్లలో ఒక టీచరమ్మ సాయంత్రాలు ట్యూషన్ చెప్పేది. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన మనిషి. భర్త బాయిలో ఇంజనీరు. మా దగ్గర బొగ్గు గనిని బాయి అనే అంటారు. ఆ ట్యూషన్ లేకపోతే నాకు పాలిటెక్నిక్ లేదు. అది లేకపోతే ఇంటర్, ఇంటర్ సగంలో ఉండగానే పెళ్లి. మా లైన్‌లో నాకన్నా పెద్ద పిల్లలందరిదీ అదే కథ. నాకది వద్దు.

ట్యూషన్‌కి వెలుగుండగానే వెళ్లేదాన్ని. వచ్చేటప్పుడే చిక్కు. దారిలో బొగ్గు బంకర్ పక్క నుంచి రావాలి. అక్కడ ఇళ్లు లేవు. స్తంభాలకు దీపాలున్నా వాటి మీద పేరుకున్న దుమ్ముకు అవి వెలిగినా వెలగనట్టే. అయినా అప్పటిదాకా ఎవరూ వద్దనలేదు.

అసలు నిప్పు పెట్టింది మా అమ్మ. మా నాన్న, బాపు అంటాం, బాయిలో పని చేసేవాడు. వారం వారం షిఫ్టు మారుతుంది. మొదటి షిఫ్టు వారం సీరియల్ చూసేవాడు. రెండో షిఫ్టు వారం ఆ వేళకు భూమి లోపల ఉండేవాడు. నైట్ షిఫ్టు వారం ఆ వేళకు నిద్రలో ఉండేవాడు. కాబట్టి కథలో ఎక్కువ భాగం ఆయనకు మా అమ్మ నోటి నుంచే తెలిసేది. పొద్దున చాయ్ గ్లాసు చేతిలోకి రాగానే మొదలుపెట్టేవాడు.

"ఏమైందే నిన్న? దొరికిండా వాడు?"

"యాడ దొరికిండు. ఇంకో పిల్లను పొట్టన పెట్టుకున్నడు. గా పిల్ల ట్యూషన్ నుంచే వస్తుంది పాపం. ఎనక నుంచి వచ్చి గిట్ల నోరు మూసిండు."

సీరియల్‌లో ఆ అమ్మాయి వస్తున్నది ట్యూషన్ నుంచి కాదు, సినిమా నుంచి. నోరు మూయడం కూడా చూపించలేదు. అమ్మ చెప్పేటప్పుడు ఉప్పూ కారం వేసుకుంటూ పోయేది. టీవీలో వాడికన్నా అమ్మ కథలో వాడు చాలా దుర్మార్గుడు. బాపుకి ఈ తేడా తెలియదు. మూడు చావుల కథ విన్నాక చాయ్ గ్లాసు కింద పెట్టి, "పిల్ల పొద్దుమూకినంక బయటికి పోవుడు వద్దు. ట్యూషన్ బంద్" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రోజు అన్నం తినలేదు. బాపు డ్యూటీకి వెళ్లాక అమ్మ మీద పడ్డాను.

"నీ వల్లనే అయింది ఇదంతా. ఉన్నది చెప్పరాదా? లేనిపోనివి చెప్పి బాపును భయపెట్టినవ్."

"నేనేం జేసిన? కథ చెప్పిన."

"నీ కథకు నా సదువు పోయింది."

అమ్మ బియ్యం ఏరుతోంది. చాటను అటూ ఇటూ ఆడించింది. మర్నాడు పొద్దున బాపు కథ అడిగితే, కథ చెప్పకుండా, "పిల్లను నేను తోల్కొస్త. నువ్వు ఫికర్ చెయ్యకు" అంది. సీరియల్ వేళకే అది అని బాపు గుర్తు చేశాడు. "తెల్సు" అంది.

అలా అమ్మ రోజూ సీరియల్ మొదలయ్యే వేళకు టీచరమ్మ ఇంటి మెట్ల మీద కూర్చునేది. నేను బయటికి రాగానే ఇద్దరం నడిచేవాళ్లం. పాపం, సీరియల్ మానుకుందని జాలిపడ్డాను. ఆ జాలి ఒక్కరోజుకే పోయింది. అందరి ఇళ్లలోనూ అదే సీరియల్. కిటికీలన్నీ తెరిచే ఉంటాయి. ఒక ఇంట్లో ఇన్‌స్పెక్టర్ ప్రశ్న అడిగితే పక్కింటి ముందుకు వచ్చేసరికి జవాబు వినిపించేది. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "సప్పుడు చెయ్యకు" అంటూ చెవులు రిక్కించి నడిచేది. నేను నోరు తెరిస్తే గిచ్చేది. బంకర్ దగ్గర ఇళ్లు లేవు కాబట్టి అక్కడి ముక్క మాత్రం పోయేది. దాన్ని పొద్దున తనే కల్పించి బాపుకి చెప్పేది. ఆ మనిషి మారదు.

చివరి ఎపిసోడ్ వచ్చిన వారం బాపు రెండో షిఫ్టు. ఆ రోజు బయల్దేరేటప్పుడు, "వాడెవడో సక్కగ ఇనుకొని చెప్పు. మా షిఫ్టోళ్లంత నన్నే అడుగుతరు" అని మరీ చెప్పి వెళ్లాడు.

ఆ సాయంత్రం టీచరమ్మ ఒక లెక్క దగ్గర నన్ను ఆపేసింది. అమ్మ మెట్ల మీద కూర్చుని పక్కింటి టీవీ వింటోంది. లెక్క సగంలో ఉండగా సైరన్ మోగింది.

బాయి సైరన్ షిఫ్టు మారే వేళకు మోగుతుంది. వేళ కాని వేళ మోగిందంటే లోపల ఏదో జరిగిందని. బాయి మీద బతికే ఇళ్లలో అది ఎవరికీ చెప్పనక్కర్లేదు. నేను పెన్సిల్ పడేసి బయటికి వచ్చేసరికి మెట్ల మీద అమ్మ లేదు. చెప్పులున్నాయి. టీచరమ్మ భర్త లోపలి నుంచి వచ్చి టోపీ పెట్టుకుంటూ స్కూటర్ తీశాడు.

"ఏమైందమ్మా? అందరూ ఎందుకు పరిగెడుతున్నారు?" అంది టీచరమ్మ.

"సైరన్ మేడం. మా బాపు లోపలున్నడు" అన్నాను.

"ఆగమ్మా, ఒక్కదానివే ఎలా వెళ్తావ్?" అని ఆమె వెనక నుంచి కేక వేసింది. నేనప్పటికే గేటు దాటాను.

బంకర్ పక్క నుంచి పరిగెత్తాను. నల్ల గ్లౌజులవాడు గుర్తుకు రాలేదు. రెండో షిఫ్టులో ఎవరెవరు ఉన్నారు, బాపు ఈ వారం ఎంత లోపల పని చేస్తున్నాడు, ఇదే ఆలోచన. మా లైన్‌లోకి వచ్చేసరికి ఒక్క మనిషి లేడు. తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ఖాళీ ఇళ్లలో టీవీలు వాటంతట అవి మాట్లాడుకుంటున్నాయి. వాడి మొహం చూపిస్తున్నది సరిగ్గా ఆ నిమిషాల్లోనేనని తర్వాత తెలిసింది. తల తిప్పితే ఏ గుమ్మంలోంచైనా కనిపించేది. నేను తిప్పలేదు.

లైన్ చివరికి వచ్చేసరికి ఆడవాళ్లందరూ బాయి గేటు నుంచి వెనక్కి వస్తూ ఎదురయ్యారు. నవ్వుతున్నారు, ఏడుస్తున్నారు. మా పక్కింటి అక్క రోడ్డు మీదనే కూర్చుండిపోయింది.

"ఏం కాలే బిడ్డా. మోగింది టీవీల సైరన్ అట" అంది నన్ను చూసి.

సీరియల్‌లో ఇన్‌స్పెక్టర్ ఆ హంతకుణ్ణి మూతపడిన మిల్లులోకి రప్పించి, జనం రావాలని మిల్లు సైరన్ నొక్కిందట. ఒక్క టీవీలో మోగితే టీవీ అనుకునేవాళ్లమే. ఊరంతా అదే ఛానెల్ పెట్టుకుంటే అది నాలుగు దిక్కుల నుంచీ వచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్, "ఏ సైరన్? ఈడ ఏం మోగలే, పొండ్రి" అని కసిరేదాకా ఎవరికీ తట్టలేదు.

అమ్మ నవ్వలేదు. కాళ్లకు చెప్పుల్లేవు. నన్ను చూసి ఆగిపోయింది.

"ఒక్కదానివే వచ్చినవా?"

"ఆఁ."

నా వెనక ఉన్న బంకర్ వైపు చూసింది. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి ఇంటికి తీసుకెళ్లింది. నాకు అప్పుడు ఏడుపొచ్చింది. ఆపుకోలేకపోయాను.

పొద్దున బాపు చాయ్ తాగుతూ, "ఎవడే వాడు?" అన్నాడు. అమ్మ కల్పిస్తుందనుకున్నాను. "నాకు తెల్వది. చాయ్ సల్లారుతుంది, తాగు" అంది. లైన్‌లో ఎవరిని అడిగినా అదే జవాబు. బాపు ఊరుకోలేక ఎస్టీడీ బూత్ నుంచి కొత్తగూడెంలో ఉన్న చిన్నమ్మకు ఫోన్ చేశాడు. వాళ్లూ బొగ్గుబాయి వాళ్లే. "మేం సుత బయటికే ఉరికినం బావా" అందట. చివరికి చెప్పింది బసంత్‌నగర్ మేనత్త. వాళ్లది సిమెంటు ఫ్యాక్టరీ. ఆమె కదలకుండా కూర్చుని మొత్తం చూసింది. బాపు ఆ పేరు మోసుకొచ్చి ఇంట్లో చెప్పాడు. అమ్మ విన్నట్టు కూడా లేదు.

మధ్యాహ్నం బాపు డ్యూటీకి తయారవుతుంటే అమ్మ పెట్టె మీద నుంచి టార్చిలైటు తీసి నా చేతిలో పెట్టింది.

"ఇయ్యాల సంది నువ్వొక్కదానివే రా బిడ్డా. నేను రాను."

బాపు బూట్లు తొడుక్కుంటూ తల ఎత్తాడు. "పొద్దుమూకినంక పిల్లను ఒక్కదాన్ని రమ్మంటవా? నీకు భయం లేదా?"

అమ్మ టిఫిన్ డబ్బా మూత గట్టిగా నొక్కి ఆయనకు అందించింది.

"భయమెందుకు లేదు. నిన్ను దినాం పంపుతలేనా?"

బాపు డబ్బా పక్కన పెట్టి రెండో బూటు తొడుక్కున్నాడు. తర్వాత డ్యూటీకి వెళ్లిపోయాడు. నేను టార్చిలైటు పుస్తకాల సంచిలో పెట్టుకున్నాను.